కదలొద్దంటే కదలడు: మాటను మాటగానే వినే పిల్లలతో ఎలా మాట్లాడాలి

రథయాత్ర వెళ్ళిన వారం అది. ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఆ రోజుల్లో వాన చెప్పి రాదు. మహేంద్రగిరి వైపు నల్లబడిందంటే గొడుగు వెతుక్కునేలోపే నెత్తి మీదుంటుంది. నాలుగో తరగతి గుంటడొకడు (బుజ్జి అందాం, అసలు పేరు అది కాదు) క్లాసులో గోల తట్టుకోలేక చెవులు రెండూ మూసుకుని బెంచీ కింద దూరాడు. బయటికి తీసుకొచ్చి వేపచెట్టు కింద గట్టు మీద కూర్చోబెట్టాను. "ఇక్కడే కూర్చో. నేను వచ్చేదాకా కదలకు" అని చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్ళాను. అక్కడ ఏదో రిజిస్టరు చేతికిచ్చారు. రాస్తుండగానే వాన దిగింది. పిల్లలు వరండాలోకి పరిగెత్తిన చప్పుడు వినబడింది. వాడూ వచ్చేసుంటాడనుకున్నాను.

ఇరవై నిమిషాల తర్వాత బయటికొస్తే వాడు గట్టు మీదే ఉన్నాడు. వీపు నిటారుగా పెట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదకి కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చెయ్యి కదలాలి కదా. నన్ను చూసి, "మీరు వచ్చారు. ఇప్పుడు కదలొచ్చా?" అన్నాడు.

సాయంత్రం వాళ్ళ నాన్నమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తువ్వాలుతో వాడి తల తుడుస్తూ, "నువ్వే కదలొద్దన్నావంట కదమ్మా. మరి గుంటడెలా కదుల్తాడు?" అంది. అంతే. రాత్రంతా ఆ మాటే నా చెవిలో ఉంది. ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెప్తున్న నేను ఆ రోజు నుంచి నా వాక్యాలు దిద్దుకోవడం మొదలుపెట్టాను. ఇలాంటి పిల్లలు మీ క్లాసులోనో మీ ఇంట్లోనో ఉంటే మీకు పనికొస్తుందని, అలా నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మాటను ఉన్నదున్నట్టు తీసుకునే పిల్లలందరూ ఒక్కలాంటివాళ్ళు కారు. ఆటిజం (మెదడు ఎదుగుదలలో తేడా వల్ల మాటా, నలుగురితో కలిసే తీరూ వేరుగా ఉండడం) ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, కానీ వాళ్ళందరిలోనూ ఉండదు. సరిగ్గా వినబడని పిల్లలూ, మాట ఆలస్యంగా వచ్చిన పిల్లలూ ఇలాగే తడబడతారు. గుమ్మ, సెరంగో వైపు కొండల నుంచి సవర మాట్లాడే పిల్లలు మా దగ్గరికొస్తారు. తెలుగు కొత్త కాబట్టి వాళ్ళూ మొదట్లో మాటను మాటగానే పట్టుకుంటారు. ఎవరిది ఏ కారణమో తేల్చాల్సింది డాక్టరు, టీచరు కాదు. నేను తల్లిదండ్రులకి మొదట చెప్పేది చెవులు పరీక్ష చేయించమని. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజమూ ఉంది, వినికిడి లోపమూ ఉంది, కాబట్టి డాక్టర్లు పరీక్షించి ఇచ్చే ధ్రువీకరణ కాగితం చేతికొస్తే పిల్లవాడికి కొన్ని హక్కులూ వస్తాయి. అయితే కాగితం వచ్చేదాకా ఆగకుండా ఈ పూట నుంచే మనం మార్చుకోగలిగేది మన మాట.

ఆటిజం గురించి 1943లో మొదటగా వివరంగా రాసినవాళ్ళలో లియో కానర్ అనే డాక్టరు ఒకరు. అమెరికాలో 11 మంది పిల్లల్ని చూసి రాశారు. అందులో ఒక పిల్లవాడి తండ్రి, ఇంట్లో బొమ్మలు గోడ మీద ఉన్నాయంటాడు. ఆ మాట పిల్లవాడికి నచ్చదు, అవి గోడ దగ్గర ఉన్నాయని సరిచేస్తాడు. ఇది చదివినప్పుడు నాకు మన తెలుగే గుర్తొచ్చింది. "గోడ మీద ఫోటో" అంటాం, "గోడ మీద పిల్లి" అంటాం. రెండు చోట్లా మాట ఒకటే, చోటు మాత్రం వేరు. మనం పట్టించుకోకుండా దాటిపోయే ఆ తేడా దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. మాటను మనకన్నా జాగ్రత్తగా వింటున్నాడన్నమాట.

ఇక చెయ్యాల్సింది. మీరు రోజూ క్లాసులో అనే మాటల్ని ఒక పూట కాగితం మీద రాసుకోండి. నా కాగితంలో మొదటి వరసలో ఉన్న మాట "మనం". "మనం ఇప్పుడు పద్యం రాసుకుందాం", "మనం గోల చెయ్యకూడదు" అని టీచర్లందరం మర్యాదగా అంటాం. నేను పద్యం రాసుకుందామన్నప్పుడు బుజ్జి పెన్సిలు పట్టుకుని నా చేతి వంకే చూస్తూ కూర్చునేవాడు. మనం అంటే ఇద్దరం. నేను మొదలుపెట్టలేదు కాబట్టి వాడూ మొదలుపెట్టలేదు. ఇప్పుడు "బుజ్జీ, పద్యం రాయి" అంటాను. మొరటుగా ఉంటుందేమోనని మొదట్లో అనిపించింది. గొంతు మెత్తగా ఉంటే మాట మొరటుగా ఉండదు.

రెండోది ప్రశ్నలా అడిగే పని. "పుస్తకం తీస్తావా?" అంటే "తీయను" అనే పిల్లవాడు ఎదురు చెప్తున్నాడని కొడతారు. అడిగారు, వాడు జవాబు చెప్పాడు. తీయమనే మీ ఉద్దేశమైతే "పుస్తకం తియ్యి" అనండి. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?" అన్నదీ ఈ జాతి మాటే. ఒకసారి బుజ్జి లెక్కపెట్టి "మూడుసార్లు" అన్నాడు. వెనక బెంచీ పిల్లలు నవ్వారు. వాడు వెటకారం చెయ్యలేదు, నిజంగానే ఆలోచించి చెప్పాడు. కోపంలో మన నోట వచ్చే ప్రశ్నలకి జవాబు అక్కర్లేదని వాడికి ఎవరూ చెప్పలేదు. కోపం వస్తే కోపం వచ్చిందని చెప్పండి. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది. నువ్వు నీళ్ళు నేల మీద పోశావు. గుడ్డ తెచ్చి తుడువు." ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అదే "బాగా చేశావులే!" అన్నారనుకోండి, మెచ్చుకున్నారనుకుని రేపు మళ్ళీ పోస్తాడు.

చెయ్యొద్దన్నది కాదు, చెయ్యాల్సింది చెప్పండి. "పరిగెత్తకు" అన్నాక ఎగరొచ్చు, పాకొచ్చు, అక్కడే నిలబడిపోవచ్చు. "నడిచి వెళ్ళు" అంటే చెయ్యాల్సింది ఒక్కటే. "చేతులు కట్టుకో" అనగానే తాడు కోసం చుట్టూ చూసిన పిల్లను నేను చూశాను. మాట కన్నా ముందు నా చేతులు కట్టుకుని చూపిస్తాను ఇప్పుడు. మన పాత బడుల్లో "నోటి మీద వేలు" అనేవాళ్ళు గుర్తుందా? వేలు ఉంది, నోరు ఉంది, ఎక్కడ పెట్టాలో చెప్పారు. దాన్ని భయపెట్టడానికి వాడారు కాబట్టి నాకు ఇష్టం లేదు గానీ, ఆ మాట కట్టిన తీరు చూడండి. "చక్కగా కూర్చో", "సరిగ్గా ఉండు", "బుద్ధిగా ఉండు" అన్న వాటిలో ఆ స్పష్టత ఏదీ? చక్కగా అంటే ఎలా? "కాళ్ళు కిందకి పెట్టు. వీపు బెంచీకి ఆనించు." ఇంతే చెప్పండి.

వాన రోజు నేను చేసిన తప్పు ఇంకోటి. కూర్చోమని చెప్పాను గానీ ఎప్పటిదాకానో, మధ్యలో ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో చెప్పలేదు. మిగతా పిల్లలు ఆ ఖాళీని వాళ్ళంతట వాళ్ళే నింపుకుంటారు. వాన పడితే టీచరు మాట రద్దయినట్టేనని వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. బుజ్జిలాంటి వాళ్ళకి ఆ ఖాళీ మనమే నింపాలి. ఇప్పుడైతే ఇలా చెప్తాను: "బుజ్జీ, ఈ గట్టు మీద కూర్చో." ఆగుతాను. "వరండా గడియారంలో పెద్ద ముల్లు 6 మీదకి వచ్చినప్పుడు నేను వస్తాను." ఆగుతాను. "వాన పడినా, భయమేసినా, బాత్రూముకి వెళ్ళాలన్నా లేచి ఆయమ్మ దగ్గరికి వెళ్ళు." అన్నీ ఒక్క ఊపిరిలో చెప్తే చివరి ముక్కే మిగులుతుంది, అందుకని చిన్న అట్టముక్క మీద మూడు బొమ్మలు వేసి చేతికిస్తాను కూడా. గట్టు, గడియారం, ఆయమ్మ. బొమ్మలు బాగా రాకపోయినా ఫర్వాలేదు.

ఆ "ఆగుతాను" అన్నది చాలా ముఖ్యం. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు 1 సెకను. దాన్ని 3 సెకన్లకి పెంచితే మామూలు పిల్లల జవాబులే మెరుగయ్యాయి. బుజ్జికి నేను మనసులో పది లెక్కపెడతాను. ఆరు దగ్గర నాకు నోరు ఆగదు, మళ్ళీ అడగాలనిపిస్తుంది. అడగకూడదు, ముఖ్యంగా వేరే మాటల్లో అడగకూడదు. మనం సాయం చేస్తున్నామనుకుని మాటలు మారుస్తాం, వాడికి అది ఇంకో కొత్త ప్రశ్న. మళ్ళీ చెప్పాల్సి వస్తే అవే మాటలు అదే వరసలో చెప్పండి. పేరు ముందు పిలవండి, పని తర్వాత చెప్పండి. "అందరూ పుస్తకాలు మూయండి" అంటే అందరిలో తనున్నాడని బుజ్జికి రెండేళ్ళు తెలియలేదు.

"అర్థమైందా?" అని అడగడం మానెయ్యండి. వాడు "అయింది" అంటాడు, అది అబద్ధం కాదు. ఒక్కొక్క మాటా వాడికి అర్థమయ్యే ఉంటుంది. "ఇప్పుడు నువ్వు ఏం చేస్తావు? నాకు చెప్పు" అని అడగండి. జవాబులోనే మీ వాక్యంలో పొరపాటు ఎక్కడుందో బయటపడుతుంది. మా పక్క క్లాసు టీచరుకి ఈ ఒక్కటి చెప్తే, వారం తిరక్కుండా వచ్చి, "అప్పా, ఇన్నాళ్ళూ గుంటలకి రాదనుకున్నాను, నేను చెప్పిందే వేరు" అంది.

టైము మాటలు మన తెలుగులో మరీ కష్టం. "ఒక్క నిమిషం" అని పావుగంట చేస్తాం. "ఇదిగో వస్తున్నా" అనేటప్పటికి ఇంకా చెప్పులు కూడా వేసుకోం. నిమిషమన్నారంటే నిమిషంలో రండి. రాలేకపోతే "ఎప్పుడొస్తానో తెలీదు, వచ్చాక నీకు చెప్తాను" అనండి. ఈ పిల్లలు తెలీదన్న మాటని తట్టుకోగలరు. మాట తప్పితేనే తట్టుకోలేరు.

వీటన్నిటిలోకీ బుజ్జి ఇంట్లో బాధ పెట్టింది "వెళ్ళొస్తాను" అన్న మాట. వాళ్ళ నాన్న చెన్నైలో భవనాల పనికి వెళ్తాడు. బయల్దేరుతూ అందరిలాగే "వెళ్ళొస్తాను" అంటాడు. "పోతున్నా" అనకూడదు కదా, అపశకునం. మా పక్కింటి ఒడియా వాళ్ళదీ అదే పద్ధతి, వెళ్తూ "ఆసుచి" అంటారు, వస్తున్నానని దాని అర్థం. నాన్న వెళ్ళొస్తానన్నాడు కాబట్టి బుజ్జి వీధి అరుగు మీద కూర్చునేవాడు. వెళ్ళాడు, ఇక రావాలి. చీకటి పడ్డాక వాళ్ళమ్మ ఎత్తుకుని లోపలికి తెచ్చేది, వాడు ఏడ్చేవాడు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఇంట్లో వాళ్ళు నాన్న మీద బెంగ అనుకున్నారు. బెంగా ఉంది, దానికి తోడు నాన్న మాట తప్పాడన్న బాధ ఉంది.

వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి నేనన్నది ఇది: ఆ మాట మానొద్దు, అది మన పద్ధతి. దాని వెనక ఇంకో వాక్యం చేర్చు. ఆయన సంక్రాంతికొచ్చి మళ్ళీ వెళ్ళేటప్పుడు గోడ క్యాలెండరు కిందకి దించి, వచ్చే తారీఖు చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీసి, "వెళ్ళొస్తాను. ఈ రోజు వస్తాను. రైలు ఆలస్యమైతే ఆ మర్నాడు వస్తాను" అన్నాడు. ఆ రోజు బుజ్జి అరుగు మీద కూర్చోలేదు. రోజూ పొద్దున్నే ఒక గడి కొట్టేసి బడికొచ్చాడు. ఇంట్లో పెద్దవాళ్ళకి నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది ఇదే, రైలు ఆలస్యమైతే అన్న ఆ చివరి ముక్క వదలొద్దు.

పరీక్ష కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలిసిన పిల్లలకి కూడా మార్కులు పోయేది అక్కడే. "రెండు మాటల్లో రాయండి" అని నేనే ఒకసారి ఇచ్చాను. మహేంద్రతనయ నది గురించి. బుజ్జి "నీళ్ళు. ఇసుక." అని రాశాడు. సరిగ్గా రెండు మాటలు. నేను సున్నా వేశాను, తర్వాత ఇంటికెళ్ళి దిద్దిన కాగితాలు మళ్ళీ చూసుకుంటే సిగ్గేసింది. ఇప్పుడు "3 వాక్యాలు రాయండి" అంటాను. "నది ఎక్కడ పుట్టింది, మన ఊరికి ఎలా పనికొస్తుంది" అని ఏం రాయాలో కూడా చెప్తాను. "మీకు తెలిసిన పండుగల పేర్లు చెప్పగలరా?" అనే ప్రశ్నకి "చెప్పగలను" అన్నది పూర్తి జవాబే కాబట్టి అలా అడగను. "ఖాళీలు పూరించండి" అన్న దగ్గర మొదటి ఖాళీ నేనే నింపి చూపిస్తాను. ఇలా మార్చాక క్లాసులో మిగతా పిల్లలు కూడా చెయ్యెత్తి "టీచర్, అంటే ఏం రాయాలి?" అని అడగడం తగ్గింది.

ఇంతవరకు చెప్పింది మన మాటని తేటగా చెయ్యడం గురించి. అక్కడితో ఆగితే పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. వాడు బజారుకెళ్తాడు, పెళ్ళికెళ్తాడు, అక్కడ ఎవరూ వాడి కోసం తేటగా మాట్లాడరు. జాతీయాల్ని దాచిపెట్టకుండా ఇంకో భాషలాగా నేర్పాలి. మా సరిహద్దు ఊళ్ళో ఇది కొత్త పని కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ మీద సవర. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసింది ఈ ఊళ్ళోనే. సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలనుకున్నారాయన, నేర్చుకున్నారు, వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి బడిలో పూలదండ వేసినప్పుడల్లా ఆ వరస గుర్తు చేసుకుంటాను. ముందు టీచరు నేర్చుకోవాలి, తర్వాతే పిల్లవాడు.

మేం చేసింది ఒక రెండొందల పేజీల నోటుబుక్కు. ఎడమ పేజీలో విన్న మాట, ఎవరన్నారో. కుడి పేజీలో వాళ్ళు చెప్పాలనుకున్నది. ఎడమ వైపు మాటలో ఉన్నట్టే బొమ్మ, కుడి వైపు అసలు బొమ్మ. మొదటిది నాన్నమ్మ వంటింట్లో అన్నది, "బియ్యం నిండుకున్నాయి." బుజ్జి డబ్బా మూత తీసి చూస్తే ఖాళీ. నాన్నమ్మ అబద్ధమాడిందని నాతో చెప్పాడు. నేను వాడిని కూర్చోబెట్టి, ఇంట్లో బియ్యం లేవని నోటితో అనడం పెద్దవాళ్ళకి ఇష్టముండదని, అందుకే తిరగేసి అంటారని చెప్పాను. ఎడమ వైపు పొంగిపోతున్న డబ్బా, కుడి వైపు ఖాళీ డబ్బా వేశాడు. తర్వాతి పేజీ "దీపం కొండెక్కింది." ఎడమ వైపు మహేంద్రగిరి వేసి దాని మీద చిన్న దీపం పెట్టాడు. కుడి వైపు ఆరిపోయిన వత్తి, పైన పొగ. ఇదీ అలా తిరగేసి అనే మాటేనని నేను చెప్పకముందే, "దీపం ఆరిందనడం కూడా ఇష్టముండదా?" అని అడిగాడు. ఒక మాట వెనక కారణం తెలిస్తే రెండోదాన్ని తనే పట్టుకున్నాడు. కారణం చెప్పకుండా అర్థం మాత్రం బట్టీ పట్టించినప్పుడు ఇలా ఎప్పుడూ జరగలేదు. మీరూ కారణం చెప్పండి, తెలిసినంతవరకు.

ఒకటి గమనించండి. వారానికి రెండు మాటలు చాలు. వాడు విన్నవే రాయాలి, పుస్తకంలో జాతీయాల పట్టిక తెచ్చి ఎక్కించొద్దు. వాడు తప్పు అర్థం చేసుకున్నప్పుడు నలుగురి ముందు దిద్దొద్దు, నోటుబుక్కు దగ్గర దిద్దండి. "ఇది వేరేలా ఉందా?" అని వాడే అడగడం నేర్పండి. బుజ్జికి ఆ వాక్యం ఇప్పుడు బాగా అలవాటైంది. మొన్న బజార్లో కూరగాయలావిడ "వంకాయ ధర మండిపోతోంది బాబూ" అంటే, వాడు వాళ్ళమ్మ కొంగు లాగి "ఇది వేరేలా ఉందా?" అన్నాడట.

ఈ వానాకాలం నోటుబుక్కు సగం దాటింది. పోయిన మంగళవారం వాన తగ్గాక వరండాలో నిలబడి ఎవరో "వాన వెలిసింది" అన్నారు. వాడు చేతిలో నోటుబుక్కుతో నా దగ్గరికొచ్చాడు. "వాన వెలిస్తే పోయింది. గుళ్ళో దేవుడు వెలిశాడంటే వచ్చాడు. ఎందుకు?" అని అడిగాడు. నాకు తెలీదని చెప్పాను. సరేనని ఎడమ పేజీలో రెండు మాటలూ రాసి, కుడి పేజీలో ఒక వైపు తెరిపిచ్చిన ఆకాశం, ఇంకో వైపు గుడి వేశాడు. రెండింటి మధ్యా "ఎందుకు" అని రాసి కింద గీత గీశాడు. ఆ గీత మీద ఇంకా ఏమీ రాయలేదు.